పంపే ముందు అడగండి



పరీక్షలయిపోయి బడులకు సెలవులిచ్చేసరికి మన యిళ్ళల్లో ఒకటే ప్రశ్న బయలుదేరుతుంది. ఈ నెలన్నర రోజులూ పిల్లలతో ఏం చేయించాలి? మా బేగంబజారు సంగతి మీకు తెలియంది కాదు. కింద దుకాణం, పైన కాపురం. గల్లీలోకి దిగితే ఒక పక్క ఇత్తడి, స్టీలు సామాన్ల గుట్టలు, ఇంకో పక్క జీడిపప్పు, కిస్‌మిస్ బస్తాలు, మధ్యలో తోపుడు బండ్లు, ట్రాలీ ఆటోలు, నెత్తిన మూటలతో హమాలీలు. నిజాం అలీఖాన్ బేగం హమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలంలో వెలిసిన బజారంటారు ఇది. అప్పట్నించీ ఇక్కడ సరుక్కి చోటు దొరికింది గాని పిల్లల ఆటకు మాత్రం చోటు దొరకలేదు. పిల్లవాడు బంతి విసిరితే అది ఎవరి గిన్నెల మీద పడుతుందో, ఎవరు కేకలేస్తారో అని మనకు గుండె దడ. యింట్లో కూర్చోబెడితే పొద్దస్తమానం ఫోను పట్టుకునే కూర్చుంటారు.

అందుకని బయటికి పంపుతాం. ఒకరు విక్టరీ ప్లేగ్రౌండుకో, లాల్‌బహదూర్ స్టేడియానికో ఆటలు నేర్చుకోవటానికి పంపుతారు. ఒకరు పబ్లిక్ గార్డెన్సులోని జవహర్ బాలభవన్‌కు పాటకో, బొమ్మలకో పంపుతారు. మగపిల్లలు గోషామహల్ వైపో, ధూల్‌పేట వైపో తాలీంకు పోయి ఉస్తాదుగారి దగ్గర కుస్తీ పట్లు నేర్చుకుంటామంటారు. పెద్దపిల్లలు ఎన్.సి.సి. క్యాంపనీ, ఎన్.ఎస్.ఎస్. క్యాంపనీ పది రోజులు పొరుగూరు పోతామంటారు. పంపాలా వద్దా, పంపితే ఏం చూసుకుని పంపాలి అన్నది ఈవేళ మనం మాట్లాడుకునే విషయం.

పంపాలన్నదే ముందుగా నేను చెప్పే మాట. యింటి నాలుగు గోడల మధ్య, బడి బెంచీ మీద రాని చదువు కొంత వుంది. నలుగురితో కలిసి అన్నం తినటం, ఓడిపోయి కూడా చెయ్యి కలపటం, తన పక్క తానే పరుచుకోవటం, తనకన్నా చిన్నవాడికి చెయ్యి అందివ్వటం. ఇవి పుస్తకంలో దొరికేవి కావు. మన తెలుగువాళ్ళకు ఇది కొత్త సంగతి కూడా కాదు. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు దంపతులు. రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపి ఊరూరా రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనిపించుకున్నారు. పిల్లల కోసం ఆంధ్ర బాలానంద సంఘాన్ని పెట్టారు. ఆ సంఘంలో పాడి, ఆడి పెద్దవాళ్ళయినవాళ్ళు ఎందరో. దేశంలో ఎన్.సి.సి. 1948లో వచ్చింది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లో ఏర్పడింది. జాతీయ సేవా పథకం, అదే ఎన్.ఎస్.ఎస్., 1969లో 37 విశ్వవిద్యాలయాలతో మొదలయింది. వీటన్నిటి వెనక వున్నది ఒక్క ఆలోచనే. పిల్లలు ఎదగటానికి తల్లిదండ్రులు కాక ఇంకొందరు పెద్దవాళ్ళు కూడా కావాలి.

ఆ ఇంకొందరు పెద్దవాళ్ళ గురించే మనకు బెంగ. ఈ బెంగకు మనలో రెండు రకాల మందు వాడేవాళ్ళున్నారు. కొందరు అసలు పంపరు. ముఖ్యంగా ఆడపిల్లను. “ఎందుకొచ్చిన గొడవ, యింట్లోనే వుండనీ” అంటారు. ఇంకొందరు కళ్ళు మూసుకుని పంపుతారు. “పెద్ద సంస్థ కదా, మంచి సారు కదా, అందరూ పంపుతున్నారు కదా” అంటారు. మొదటివాళ్ళు పిల్ల ఎదుగుదలకు తలుపు వేసేస్తున్నారు. రెండోవాళ్ళు తలుపు బార్లా తెరిచి పెడుతున్నారు. మధ్యదారి ఒకటుంది. వెళ్ళి అడగటం.

అడగటమంటే మనకు మొహమాటం. “సార్‌ని అనుమానించినట్టుంటుందేమో, ఏమనుకుంటారో” అనుకుంటాం. ఒక్కసారి ఆలోచించండి. మా బజారులో ఒక స్టీలు బిందె కొనటానికి ఎన్ని చేస్తాం! తిరగేసి చూస్తాం, వేలితో తట్టి చప్పుడు వింటాం, అంచు తడిమి చూస్తాం, తూకం వేయించి మరీ కొంటాం. ఎంత తెలిసిన దుకాణమైనా అంతే. దానికి సేఠ్‌జీ చిన్నబుచ్చుకోడు. పైగా “చూసుకోండమ్మా, బాగా చూసుకోండి” అని ఆయనే చేతికిస్తాడు. సరుకు మంచిదైతే చూడనివ్వటానికి భయమెందుకు? పిల్లల సంస్థలూ అంతే. మనం అడిగేది ఆ సారు మంచివాడా కాడా అని కాదు. ఆ సంగతి మొహం చూసి ఎవరూ చెప్పలేరు. పిల్లల భద్రతకు అక్కడ ఏమేం ఏర్పాట్లు చేశారన్నదే మన ప్రశ్న. మనుషుల్ని అనుమానించకుండానే ఏర్పాట్ల గురించి అడగొచ్చు.

ఏర్పాట్లు లేకపోతే ఏమవుతుందో మన హైదరాబాదు వాళ్ళం మరిచిపోలేని విధంగా ఒకసారి చూశాం. 2014 జూన్ 8. ఇక్కడి ఒక ఇంజనీరింగు కాలేజీ విద్యార్థులు విహారయాత్రకని హిమాచల్ ప్రదేశ్ వెళ్ళారు. మండీ జిల్లా థలౌట్ దగ్గర సాయంత్రంపూట బస్సు దిగి, బియాస్ నదిలో రాళ్ళ మీదికి వెళ్ళి ఫోటోలు దిగుతున్నారు. పైన లార్జీ విద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారు. చూస్తుండగానే నది పెరిగింది. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో వెళ్ళిన టూరు మనిషి ఒకరు కొట్టుకుపోయారు. ఆ విద్యార్థుల్లో ఆరుగురు ఆడపిల్లలు. వాళ్ళ శరీరాల కోసం వారాల తరబడి వెదికారు. ఆ తరవాత హైకోర్టు 2016లో తీర్పు చెబుతూ ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల నష్టపరిహారం ఇవ్వమన్నది. అందులో విద్యుత్ బోర్డుతోపాటు కాలేజీ కూడా భాగం పెట్టుకోవాలన్నది.

కాలేజీ కూడా అన్న ఆ మాటను మనం గుర్తుంచుకోవాలి. నీళ్ళు వదిలింది కాలేజీ కాదు. కాని పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు వాళ్ళ క్షేమం తీసుకెళ్ళినవాళ్ళ బాధ్యత. అలాంటి ప్రయాణానికి పంపే ముందు మనం అడగవలసినవి కష్టమైనవేమీ కావు. ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలు వెళుతున్నారు? ఆడపిల్లలతో ఆడ టీచర్లు వెళుతున్నారా? ఆ ప్రాంతం తెలిసిన మనిషి వెంట వుంటాడా? నది, చెరువు, జలపాతం, సముద్రం, ఏది దారిలో వున్నా పిల్లలు దిగకూడదనే నియమం ముందే చెప్పారా? బస్సు ఎక్కినప్పుడల్లా, దిగినప్పుడల్లా తలలు లెక్కపెట్టే బాధ్యత ఎవరిది? రాత్రిపూట ప్రయాణమైతే రెండో డ్రైవరున్నాడా? ఎక్కడ బస, ఆ బస ఫోను నెంబరు ఏమిటి? ఈ ప్రశ్నలకు “అదంతా మేం చూసుకుంటాంలెండమ్మా” అనేవాళ్ళకన్నా కాగితం మీద రాసిచ్చేవాళ్ళు నయం.

దూర ప్రయాణాలు సరే, రోజూ పొద్దున వెళ్ళివచ్చే శిబిరాల మాటేమిటి? మే నెలలో మన వూళ్ళో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పరుగులు పెట్టించే ఆటలు పొద్దున్నే మొదలై, ఎండ ముదరకముందే అయిపోవాలి. మధ్యమధ్య నీళ్ళు తాగటానికి ఆపాలి. “నీళ్ళు తాగితే కడుపులో పట్టేస్తుంది, ఓర్చుకో” అనే పాత పద్ధతి సారు ఎవరైనా వుంటే, ఆ మాట తప్పని మర్యాదగానే చెప్పండి. పిల్లవాడి సంచీలో ఒక సీసా నీళ్ళు ఎప్పుడూ వుండాలి. నీరసించినప్పుడు ఇవ్వటానికి, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన నీళ్ళు మంచివి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ వుంటే మాత్రం ఇంటి వైద్యం పనికిరాదు. నీడకు చేర్చి తడిగుడ్డలు కప్పి, విసురుతూ, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఈతకు పంపేవాళ్ళు ఇంకో రెండు మాటలు అడగండి. కొలను దగ్గర నేర్పే సారు కాక, కేవలం కనిపెట్టి చూడటానికే ఒక మనిషి వున్నాడా? పెద్దవాళ్ళ వేళ, చిన్నపిల్లల వేళ వేరువేరా? తాలీంకు పంపేవాళ్ళు, బరువు తగ్గాలని పిల్లవాడిని పస్తుంచటం, ఎదిగే వయసులో పొడులూ మాత్రలూ ఇవ్వటం వంటివి జరగవు కదా అని ఉస్తాదుగారినే అడగండి. తెలిసిన ఉస్తాదు అయితే పాలు, బాదం, నెయ్యి మాటే చెబుతాడు. దెబ్బ తగిలితే వెయ్యటానికి కట్టుగుడ్డల డబ్బా ఎక్కడుందో చూపించమనండి. పిల్లవాడికి ఉబ్బసమో, మూర్ఛో, వేరుశనగ పడకపోవటమో వుంటే దాచకుండా రాసిచ్చి రండి. ఆడపిల్ల విషయంలో, మరుగుదొడ్డి వున్నదా, దానికి గడియ వున్నదా అన్నది మొదటి ప్రశ్న. ఇది అడగటానికి సిగ్గుపడితే, రోజంతా నీళ్ళు తాగకుండా వుండేది మన పిల్లే.

ఇక అందరం గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయానికి వస్తాను. పిల్లలతో తప్పుగా ప్రవర్తించే మనుషుల గురించి.

కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనం ప్రకటించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో వుంది. నూటికి 53 మంది ఏదో ఒక రకంగా లైంగికంగా వేధింపుకు గురయ్యామన్నారు. అలా చెప్పినవాళ్ళలో మగపిల్లలు సగానికి కొంచెం ఎక్కువే. వేధించినవాళ్ళలో సుమారు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, వాళ్ళు నమ్మినవాళ్ళు. ఈ లెక్క రెండు అపోహల్ని పోగొడుతుంది. ప్రమాదం ఆడపిల్లకే అని మనం అనుకుంటాం. మగపిల్లవాణ్ణి “వాడికేం, మగవాడు” అని రాత్రి తొమ్మిదింటిదాకా ఎక్కడున్నాడో అడగం. రెండోది, ప్రమాదం సందు చివర తెలియని మనిషి దగ్గరే వుంటుందనుకుంటాం. అది మన గుమ్మంలో కూర్చుని మన చేతి టీ తాగిన మనిషి దగ్గర కూడా వుండవచ్చు.

ఇలాంటి మనిషి మొదటిరోజే చెడుగా ప్రవర్తించడు. మెల్లగా వస్తాడు. అందరిలో ఒక పిల్లనో పిల్లవాణ్ణో ఎంచుకుంటాడు, తరచు యింట్లో పట్టించుకునేవాళ్ళు తక్కువగా వున్న బిడ్డను. “నీలో గొప్ప ప్రతిభ వుంది, నిన్ను స్టేటుకు ఆడిస్తాను” అంటాడు. బూట్లు కొనిస్తాడు, ఫోనుకు డబ్బులు వేయిస్తాడు, బండి మీద దింపుతానంటాడు. అందరూ వెళ్ళాక ప్రత్యేకం నేర్పుతానంటాడు. రాత్రిపూట మెసేజీలు పెడతాడు. తరవాత “ఇది మనిద్దరి మధ్యే, అమ్మకు చెప్పకు” అంటాడు. చూడండి, మంచి గురువు కూడా పిల్లవాణ్ణి మెచ్చుకుంటాడు, బహుమానం కూడా ఇవ్వవచ్చు. కాని మంచి గురువు ఎన్నడూ “అమ్మకు చెప్పకు” అనడు. ఆ ఒక్క మాట వినపడితే చాలు, మనం లేచి కూర్చోవాలి. ఈ మాట పిల్లలకూ ముందే చెప్పి వుంచాలి. “అమ్మకు చెప్పొద్దని ఏ పెద్దవాళ్ళు చెప్పినా, అదే ముందుగా అమ్మకు చెప్పవలసిన మాట” అని.

పెద్ద సంస్థ అయితే భయం లేదనుకునేవాళ్ళకు అమెరికా సంగతి ఒకటి చెబుతాను. అక్కడి బాయ్ స్కౌట్స్ సంస్థ వందేళ్ళు దాటిన సంస్థ. అటువంటి సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. చిన్నప్పుడు స్కౌటు నాయకుల చేతిలో వేధింపుకు గురయ్యామని 82,000 మందికి పైగా ముందుకొచ్చారు. పరిహారానికి 246 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. పనికిరాని నాయకుల పేర్లు ఆ సంస్థ దగ్గర ఎన్నో ఏళ్ళుగా ఫైళ్ళలో రాసే వున్నాయి. ఫైళ్ళు మాత్రం బీరువాలోంచి బయటికి రాలేదు. సంస్థ పరువు కాపాడుకుందామనుకున్నారు, పిల్లలు నలిగిపోయారు, చివరికి పరువూ దక్కలేదు. కనక సంస్థ ఎంత పాతది, గోడ మీద ఎంతమంది పెద్దల ఫోటోలున్నాయి అన్నది చూడకండి. ఫిర్యాదు వస్తే ఏం చేస్తారన్నది అడగండి.

ఏం ఏర్పాట్లుండాలి? ఆ స్కౌట్లే, దెబ్బలు తిన్నాక అయినా, ఒక మంచి నియమం పెట్టుకున్నారు. ఏ పెద్దమనిషీ ఏ పిల్లవాడితోనూ చాటుగా ఒంటరిగా వుండకూడదు. ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దవాళ్ళుండాలి. విడిగా మాట్లాడవలసి వచ్చినా నలుగురికీ కనిపించేచోట, తలుపు తెరిచి మాట్లాడాలి. ఈ నియమానికి పైసా ఖర్చు లేదు. మన గల్లీ తాలీంలోనూ పెట్టవచ్చు, డాన్సు క్లాసులోనూ పెట్టవచ్చు. దానికి తోడు ఇంకొన్ని. ఫోను మెసేజీలు పిల్లలకు విడిగా కాక, తల్లిదండ్రులున్న గ్రూపులోనే రావాలి. బట్టలు మార్చుకునే గదిలోకి పెద్దవాళ్ళు పోకూడదు, అక్కడ ఫోటోలు తియ్యకూడదు. క్యాంపుల్లో పడకలు ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరు, పెద్దవాళ్ళకు వేరు. పిల్లను తీసుకుపోయేందుకు ఎవరు వస్తారో పేరు రాసి వుండాలి. “మీ నాన్నగారు పంపారు” అని ఎవరో వస్తే పంపెయ్యకూడదు. తల్లిదండ్రులు ఏ రోజైనా, చెప్పకుండా వచ్చినా, కూర్చుని చూడనివ్వాలి. ఈ చివరిది ఒక్కటి ఒప్పుకోని చోటికి నేనైతే పిల్లను పంపను.

చట్టం కూడా మన వెనక వుంది. 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లలందరికీ, ఆడైనా మగైనా, వర్తిస్తుంది. దాని కింద 2020లో తెచ్చిన నియమాలలో ఒకటి మనకు బాగా పనికివస్తుంది. బడులు, శిశు సంరక్షణ కేంద్రాలు, క్రీడా అకాడమీలు, పిల్లలతో రోజూ పనివుండే ఏ సంస్థ అయినా సరే, తమ దగ్గర పిల్లలతో మసిలే ప్రతి ఉద్యోగినీ పోలీసుల ద్వారా విచారణ చేయించాలి. ఒకసారి చేయించి ఊరుకోవటం కాదు, అప్పుడప్పుడు మళ్ళీ చేయించాలి. నేర్పే సారు దగ్గర్నుంచి కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి దాకా అందరికీ ఇది వర్తిస్తుంది. కనక “మీ వాళ్ళకు పోలీసు వెరిఫికేషను చేయించారా?” అని అడగటం మన చాదస్తం కాదు, ఆయన చెయ్యవలసిన పని గురించి అడగటం. పాస్‌పోర్టు తీసుకోవటానికి మన యింటికి పోలీసులు వచ్చి విచారిస్తే మనం అవమానంగా అనుకుంటున్నామా? ఇదీ అంతే.

ఎలా అడగాలంటారా? ఒక్కరే వెళ్ళి గుమ్మంలో నిలబడి గొణిగితే ఎవరూ పట్టించుకోరు. మన మేడ మీదివాళ్ళు, ఎదురింటి భాభీ, పక్కగల్లీ అక్కయ్య, నలుగురు కలిసి వెళ్ళండి. ముందు మంచి మాట చెప్పండి. “సార్, మా పిల్లలు మీ దగ్గర బాగా నేర్చుకుంటున్నారు, సంతోషం. రోజూ పంపాలంటే మాకు కొన్ని సంగతులు తెలియాలి కదా, యింట్లో పెద్దవాళ్ళు అడుగుతారు” అనండి. అత్తగారి మీదో, మామగారి మీదో పెట్టి అడగటం మనకు చేతకాని విద్య కాదు. అప్పుడు ఒక్కొక్కటీ అడగండి. మంచి సారు అయితే, “అమ్మా, ఇన్నాళ్ళకు అడిగేవాళ్ళు వచ్చారు” అని సంతోషిస్తాడు. ఎందుకంటే తలుపు తెరిచి వుంచే నియమం ఆయన్ని కూడా కాపాడుతుంది. రేపు ఎవరైనా ఆయన మీద లేనిపోని మాట అంటే, చూసిన కళ్ళు పది వుంటాయి.

నలుగురు అడిగితే ఇంకో మేలుంది. మా బజారులో దుకాణాల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, హమాలీల పిల్లలు, మన యింట్లో అంట్లు తోమే ఆవిడ కొడుకు, వీళ్ళూ ఆ మైదానానికే వస్తారు. వాళ్ళ అమ్మకు పని మానుకుని వచ్చి సార్‌ని అడిగే తీరికా లేదు, ధైర్యమూ లేదు. ఇందాక చెప్పానే, చెడ్డబుద్ధి గలవాడు ఎవరూ అడగరనే బిడ్డనే ఎంచుకుంటాడని, ఆ బిడ్డ తరచు వీళ్ళల్లోనే వుంటాడు. మనం పెట్టించిన నియమం మన పిల్లవాడి ఒక్కడికే కాదు, వాడికీ కాపలా కాస్తుంది.

ఇంతవరకూ బయటి ఏర్పాట్లు. యింటి లోపల చెయ్యవలసిన ఏర్పాటు ఒకటుంది. అన్నిటికన్నా అదే ముఖ్యమని నా నమ్మకం.

ఒక ఆడపిల్ల కబడ్డీ క్యాంపుకు వెళ్ళి వస్తోందనుకోండి. దారిలో ఎవడో వెకిలిగా మాట్లాడాడు. ఆ పిల్ల యింటికొచ్చి చెప్పింది. మనం ఏమంటాం? “రేపట్నుంచి వెళ్ళొద్దు” అంటాం. ప్రేమకొద్దీ అంటాం, భయంకొద్దీ అంటాం. కాని ఆ పిల్ల నేర్చుకున్న పాఠమేమిటి? తప్పు చేసినవాడు ఆ సందు చివరే వున్నాడు, ఆట పోయింది మాత్రం తనది. ఈసారి ఇంకా పెద్దది జరిగినా ఆ పిల్ల చెప్పదు. చెప్పినందుకు శిక్ష పడుతుందని ఆ పిల్లకు అనుభవమయింది. ఆ పిల్లే కాదు, పక్కన కూర్చుని విన్న చెల్లెలు కూడా చెప్పదు. మనం తలుపు వేసి కాపాడాం అనుకుంటాం. నిజానికి మనకు కబురు వచ్చే దారి మూసేసుకున్నాం.

అందుకని పంపే రోజునే పిల్లకు ఒక మాట ఇవ్వండి. “ఏం జరిగినా నాకు చెప్పు. చెప్పినందుకు నిన్ను తిట్టను. నీ ఆట మాన్పించను. చోటు మార్చవలసి వస్తే మారుద్దాం, ఆట మాత్రం ఆగదు.” ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. రోజూ సాయంత్రం “ఏం నేర్చుకున్నావు” అని మాత్రమే కాకుండా, “ఎవరెవరు వచ్చారు, ఎవరితో ఆడావు, ఏది నచ్చింది, ఏది నచ్చలేదు” అని కూడా అడగండి. కూర తరుగుతూ అడగండి, జడ వేస్తూ అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తే పిల్లలు చెప్పరు. చేతికి పని వున్నప్పుడు వాళ్ళంతట వాళ్ళే చెబుతారు.

చెప్పటం మొదలుపెడితే మధ్యలో అడ్డు తగలకండి. “నువ్వెందుకు వెళ్ళావు, అప్పుడే ఎందుకు చెప్పలేదు, నిజమేనా” అనకండి. “చెప్పావు, మంచిపని చేశావు, ఇందులో నీ తప్పు లేదు” అనండి. మనకు ఒళ్ళు మండుతూ వున్నా మొహం మీద చూపించకండి. అమ్మ కంగారు పడితే పిల్లలు మాట మింగేస్తారు. కొందరు నోటితో చెప్పరు. నిన్నటిదాకా ఉరుకుతూ వెళ్ళినవాడు ఇవాళ కడుపునొప్పి అంటాడు. నిద్రలో ఉలిక్కిపడతాడు. ఒక మనిషి పేరు చెబితే మాట మారుస్తాడు. వీటన్నిటికీ వేరే కారణాలు కూడా వుండవచ్చు. కాని “బద్ధకం” అని ఒక్క మాటలో తోసెయ్యకుండా, ఆగి అడగాలి.

నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందని అనుమానమున్నా, పోలీసులకు చెప్పటం పోక్సో చట్టం ప్రకారం మన విధి. తెలిసి దాచిపెడితే శిక్ష వుంది. సంస్థ నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాదిదాకా జైలు. కనక బస్తీ పెద్దలు కూర్చుని “పిల్ల భవిష్యత్తు, సంస్థ పేరు” అంటూ రాజీ కుదర్చటం కుదిరే పని కాదు. పోలీసుస్టేషనంటే మనకు భయం, నిజమే. అందుకే చట్టంలో జాగ్రత్తలు పెట్టారు. పిల్లల మాట వాళ్ళ యింట్లోనో, వాళ్ళకు ఇష్టమైన చోటో రాసుకోవాలి. వీలయినంతవరకు సబ్‌ఇన్‌స్పెక్టరుకు తగ్గని మహిళా అధికారి రావాలి. యూనిఫారం వేసుకోకూడదు. తల్లో తండ్రో, బిడ్డ నమ్మే మనిషో పక్కన వుండాలి. ఎంతటి పరిస్థితిలోనూ బిడ్డను రాత్రిపూట స్టేషనులో వుంచకూడదు. పిల్ల పేరు, ఫోటో, బడి, ఇల్లు ఏదీ పత్రికల్లో రాకూడదు.

మన హైదరాబాదులో 2016లో భరోసా కేంద్రం పెట్టారు. డాక్టరు, కౌన్సిలరు, న్యాయసలహా, పోలీసు వాంగ్మూలం, ఇవన్నీ ఒకే కప్పు కింద దొరికేలా ఏర్పాటు చేశారు. బిడ్డ ఒకే బాధను నాలుగుచోట్ల నాలుగుసార్లు చెప్పుకోకుండా వుండాలన్నది దాని ఉద్దేశం. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 నెంబరుకు ఫోను చెయ్యవచ్చు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు కాదు. పిల్లలు స్వయంగా చెయ్యవచ్చు కూడా. తక్షణం పోలీసులు కావాలంటే 112. ఈ రెండు నెంబర్లూ ఇవాళే వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టండి. పాలవాడి లెక్క రాసుకునే చోటే రాస్తే రోజూ కంటపడుతుంది.

ఇంకొక్క సంగతి. పిల్లలకు హాని అంటే ఇదొక్కటే కాదు. నలుగురిలో “దున్నపోతా” అని తిట్టటం, ఓడిపోయాడని ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టటం, లావుగా వుందని, నల్లగా వుందని, ఫలానా కులమని ఎగతాళి చెయ్యటం, ఇవీ హానే. “మా కాలంలో దెబ్బలు తినే నేర్చుకున్నాం” అనేవాళ్ళుంటారు. దెబ్బలు తిని నేర్చుకున్నవాళ్ళే మనకు కనిపిస్తారు. దెబ్బలు తిని మానేసినవాళ్ళు ఎక్కడున్నారో ఎవరు లెక్కపెట్టారు? ఓడిన పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి “రేపు మళ్ళీ చూద్దాం” అనే సారు దొరికితే, ఆయన ఫీజు పది రూపాయలు ఎక్కువైనా పరవాలేదు, వదులుకోకండి. ఆయనకు ఆ మాట చెప్పండి కూడా. తప్పు కనిపిస్తే అడగటానికి నలుగురం వెళ్ళినట్టే, మంచి కనిపించినప్పుడు చెప్పటానికీ నలుగురం వెళ్ళాలి. పిల్లల కోసం తమ సాయంత్రాలు ఇచ్చే అటువంటివాళ్ళు మన వూళ్ళో చాలామందే వున్నారు. మన ప్రశ్నల వల్ల బెదిరి పోయేవాళ్ళు వాళ్ళు కారు.

సెలవులు మొదలయ్యే ముందు ఒక్క పూట తీరిక చేసుకోండి. పిల్లవాడు వెళ్ళే చోటికి మీరు ఒకసారి నడిచి వెళ్ళిరండి. దారి చూడండి, గది చూడండి, నేర్పేవాళ్ళతో మాట్లాడండి, ఇందాక అనుకున్న ప్రశ్నలు అడగండి. తృప్తి కలిగితే నిశ్చింతగా పంపండి. కలగకపోతే ఇంకో చోటు వెతకండి గాని, పిల్లల్ని యింట్లో కట్టిపడెయ్యకండి.